బేస్ హెడ్‌కు ఏ క్యాబినెట్ కలపాలి? ఎలా కలపాలి?

బేస్ గిటార్ కొత్తగా పట్టినవాళ్లు యాంప్ కొనడానికి వెళ్లి మొదట అడిగేది "ఇది ఎన్ని వాట్స్?" అనే. అమ్మేవాళ్లు కూడా ఆ అంకెనే గట్టిగా చెబుతారు. కానీ హెడ్‌ను, అంటే స్పీకర్ లేని విడి యాంప్‌ను, స్పీకర్ క్యాబినెట్‌తో జత చేసేటప్పుడు మనం మొదట చూడాల్సింది ఓమ్స్. రెండోది, ఆ క్యాబినెట్ ఒక్కో వాట్‌కు ఎంత శబ్దం ఇస్తుందన్నది. వాట్స్‌ది మూడో స్థానం. ఈ వరస తిరగబడితే డబ్బు పోతుంది, ఒక్కోసారి హెడ్ కూడా పోతుంది.

రండి, పక్కపక్కన కూర్చుని ఒక సెట్ జత చేద్దాం. మన దగ్గర ఒక మామూలు ట్రాన్సిస్టర్ హెడ్ ఉందనుకుందాం. దాని వెనక "4 ఓమ్స్ దగ్గర 500 వాట్స్, 8 ఓమ్స్ దగ్గర 300 వాట్స్, కనీస లోడ్ 4 ఓమ్స్" అని రాసి ఉంది. దాంతోపాటు ఒక 2×10 క్యాబినెట్ ఉంది: 8 ఓమ్స్, 350 వాట్స్. 2×10 అంటే పది అంగుళాల స్పీకర్లు రెండున్న పెట్టె. సంగీతం వాళ్లు "టూ టెన్" అంటారు, క్యాబినెట్‌ను "క్యాబ్" అంటారు. ఇంట్లో సాధనకు, ఆదివారం చర్చిలో వాయించడానికి, అప్పుడప్పుడు స్టేజ్ ప్రోగ్రామ్‌కు ఈ సెట్టే పనికిరావాలి.

హెడ్, స్పీకర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటే అది కాంబో. మీ దగ్గర కాంబో ఉన్నా చదవండి. దాని వెనక అదనపు స్పీకర్ సాకెట్ ఉంటే ఈ లెక్కలన్నీ దానికీ వర్తిస్తాయి.

కావలసినవి

హెడ్, క్యాబ్ కాకుండా ఇంకో నాలుగైదు వస్తువులు దగ్గర పెట్టుకుందాం.

స్పీకర్ కేబుల్: ఇక్కడ కాస్త ఆగుదాం. గిటార్ నుంచి యాంప్‌కు వెళ్లే కేబుల్, హెడ్ నుంచి క్యాబ్‌కు వెళ్లే కేబుల్ పైకి ఒకేలా ఉండొచ్చు, చివర్లో అదే పావు అంగుళం జాక్ ఉండొచ్చు. లోపల మాత్రం పోలికే లేదు. గిటార్ కేబుల్‌లో మధ్యన ఒక సన్నటి తీగ, దాని చుట్టూ అల్లిన షీల్డ్ ఉంటాయి. స్పీకర్ కేబుల్‌లో సమానంగా లావున్న రెండు తీగలుంటాయి. గిటార్ కేబుల్‌తో క్యాబ్ కలిపితే శబ్దం వస్తుంది, అందుకే తప్పు చేశామని వెంటనే తెలియదు. గట్టిగా వాయిస్తున్నప్పుడు అది వేడెక్కి లోపల షార్ట్ అయిందంటే నష్టం హెడ్‌కు. కొత్త కేబుల్ చేయించుకుంటే ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండు తీగల ఫ్లెక్సిబుల్ వైరు, 2.5 స్క్వేర్ ఎంఎంది తీసుకోండి. మీటరు, మీటరున్నర పొడవుకైతే 1.5 కూడా సరిపోతుంది. హెడ్‌కు, క్యాబ్‌కు స్పీకాన్ సాకెట్లు ఉంటే జాక్ వదిలి వాటినే వాడండి. స్పీకాన్ తిప్పితే లాక్ అవుతుంది, ఎవరి కాలో తగిలి ఊడిపోదు, స్పీకాన్‌కు మాత్రమే చేసిన సాకెట్‌లో గిటార్ కేబుల్ దూరనే దూరదు.

మల్టీమీటర్: చవకది చాలు.

పెన్సిల్ సెల్ ఒకటి: 1.5 వోల్టులది. ఎందుకో ఐదో మెట్టులో చూద్దాం.

ఇన్సులేషన్ టేపు, మార్కర్ పెన్: స్పీకర్ కేబుల్‌కు రెండు చివర్లా టేపు చుట్టి "స్పీకర్" అని రాసిపెట్టండి. స్టేజి మీద చీకట్లో, హడావుడిలో ఈ టేపే మనల్ని కాపాడుతుంది.

సరైన కరెంటు: అమెరికాలో ఉన్న అన్నయ్యో బాబాయో హెడ్ పంపితే ప్లగ్ పెట్టే ముందు వెనక వోల్టేజ్ చదవండి. అక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230. కొన్ని హెడ్‌లకు మార్చుకునే స్విచ్ ఉంటుంది, కొన్ని రెండింటినీ తీసుకుంటాయి, కొన్నింటికి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. ప్లగ్‌కు మూడు పిన్నులూ ఉండాలి, ఎర్త్ పిన్ను పీకేసిన బోర్డులకు దూరంగా ఉండండి.

పద్ధతి

1. వెనక ప్లేటు చదువుదాం

హెడ్ వెనక స్పీకర్ సాకెట్ దగ్గర "మినిమమ్" అనే మాట వెతకండి. దాని పక్కనున్న అంకెను కాగితం మీద రాసుకోండి. మన హెడ్‌కు అది 4. తర్వాత క్యాబ్ వెనక ఓమ్స్, వాట్స్ రాసుకోండి. వాట్స్ పక్కన "ఆర్ఎంఎస్" అని ఉంటే అదే మనక్కావలసింది. "పీక్", "ప్రోగ్రామ్" అని ఉన్నవి పెద్దగా కనిపించే అంకెలు, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

2. ఓమ్స్ లెక్క కడదాం

ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే, నెమ్మదిగా వెళ్దాం.

ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డును కొలిచే ప్రమాణం. ఆ అంకె తగ్గే కొద్దీ హెడ్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. హెడ్ తట్టుకోగల హద్దే ఆ "మినిమమ్". మనం కలిపిన స్పీకర్ల అడ్డు హద్దుకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. తక్కువైతే హెడ్ వేడెక్కుతుంది, రక్షణ సర్క్యూట్ ఉంటే పాట మధ్యలో ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది.

ఒక్క క్యాబ్ అయితే లెక్కేమీ లేదు. మన 8 ఓమ్స్ క్యాబ్ 4 మినిమమ్ ఉన్న హెడ్‌కు నిక్షేపంగా సరిపోతుంది. హెడ్ 500కు బదులు 300 వాట్స్ ఇస్తుంది, అంతే.

రెండో క్యాబ్ చేర్చినప్పుడే చాలామంది తడబడతారు. 8, 8 కలిస్తే 16 అనుకుంటారు. కాదు, 4 అవుతుంది. క్యాబ్‌ల వెనక సాకెట్లు దాదాపు ఎప్పుడూ ప్యారలల్‌గా కలిసి ఉంటాయి. కల్యాణ మండపంలో భోజనాల హాలుకు ఒక తలుపే తెరిస్తే జనం మెల్లగా వెళ్తారు, పక్కనే రెండో తలుపు తెరిస్తే అదే సమయంలో రెట్టింపు మంది పోతారు. తలుపులు పెరిగాయి, అడ్డు సగమైంది.

లెక్క ఇలా కట్టండి: రెండు అంకెలను గుణించి, వాటి మొత్తంతో భాగించండి.

రెండు 8 ఓమ్స్ క్యాబ్‌లు: 64ను 16తో భాగిస్తే 4. మన హెడ్‌కు సరిగ్గా హద్దు మీద ఉంది, ధైర్యంగా వాడొచ్చు.
ఒక 8, ఒక 4: 32ను 12తో భాగిస్తే 2.67. మన హెడ్‌కు వద్దు.
రెండు 4 ఓమ్స్ క్యాబ్‌లు: 16ను 8తో భాగిస్తే 2. అసలే వద్దు.
మూడు 8 ఓమ్స్ క్యాబ్‌లు: 2.67. మూడో క్యాబ్ తగిలించే ముందు ఇది గుర్తుండాలి.

కొన్ని హెడ్‌లు 2.67 దాకా, కొన్ని 2 దాకా ఒప్పుకుంటాయి. ప్లేటు మీద అలా రాసి ఉంటేనే నమ్మండి.

ఇక్కడే కొనుగోలుకు పనికొచ్చే మాట ఒకటి. మొదటి క్యాబ్ కొంటున్నారా? 8 ఓమ్స్‌దే తీసుకోండి. 4 ఓమ్స్‌ది కొంటే హెడ్ పూర్తి వాట్స్ ఇస్తుంది నిజమే, కానీ మామూలు హెడ్‌తో ఇక రెండో క్యాబ్ కలపడానికి చోటుండదు. 8 అయితే ఇవాళ ఒకటి, డబ్బు కూడాక అదే రకం ఇంకొకటి.

ట్యూబ్ హెడ్‌ల సంగతి వేరు. వాటిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, వెనక ఓమ్స్ మార్చే స్విచ్చో వేర్వేరు సాకెట్లో ఉంటాయి. క్యాబ్ మొత్తం ఎంతో స్విచ్ కూడా అక్కడే ఉండాలి. క్యాబ్ కలపకుండా ట్యూబ్ హెడ్‌ను ఆన్ చేసి వాయించనే కూడదు. ట్రాన్సిస్టర్ హెడ్ ఖాళీగా ఉన్నా ఏమీ కాదు, ట్యూబ్ హెడ్‌కు ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు.

3. మీటర్‌తో నిర్ధారించుకుందాం

సెకండ్ హ్యాండ్ క్యాబ్ అయితే ఈ మెట్టు దాటేయకండి. స్పీకర్ మార్పించిన పెట్టెల మీద పాత లేబులే ఉంటుంది, లోపలి సంగతి వేరుగా ఉండొచ్చు.

హెడ్‌కు సంబంధం లేకుండా, కేబుల్‌ను క్యాబ్‌కు మాత్రమే గుచ్చండి. మల్టీమీటర్‌ను 200 ఓమ్స్ దగ్గర పెట్టి ముందు దాని రెండు పుల్లలనూ ఒకదానికొకటి ఆనించండి. 0.3, 0.4 అలా ఏదో చూపిస్తుంది, అది తర్వాత తీసేయాలి. ఇప్పుడు జాక్ కొనకు ఒక పుల్ల, దాని ఒంటికి ఇంకో పుల్ల ఆనించండి. 8 ఓమ్స్ క్యాబ్ అయితే 5.5కూ 7కూ మధ్య కనిపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3, 3.5 అలా. 8 రాలేదని కంగారుపడకండి. లేబుల్ మీద రాసేది ఆడియో సిగ్నల్‌కు లెక్కగట్టిన అడ్డు, మీటర్ కొలిచేది తీగ చుట్ట అడ్డును మాత్రమే. మీటర్ అంకె ఎప్పుడూ కొంచెం తక్కువే ఉంటుంది. ఏమీ చూపించకపోతే కేబుల్ తెగిందో, స్పీకర్ కాలిందో తేల్చుకోవాలి. రెండు స్పీకర్ల పెట్టె అనుకున్నదానికి రెట్టింపు చూపిస్తే ఒక స్పీకర్ పనిచేయడం లేదని అనుమానించండి.

4. వాట్స్ పోల్చి చూద్దాం

ఒకే ఓమ్స్ ఉన్న రెండు క్యాబ్‌లు హెడ్ ఇచ్చేదాన్ని చెరిసగం పంచుకుంటాయి. మన 500 వాట్స్‌లో ఒక్కో క్యాబ్‌కు 250. ఒక్కోటీ 350 తట్టుకుంటుంది, బాగుంది. ఒక్క క్యాబే వాడినా హెడ్ ఇచ్చేది 300, అదీ హద్దులోనే ఉంది.

ఇప్పుడు ఒక చిక్కు. 800 వాట్స్ 4×10 క్యాబ్, దాని కింద 300 వాట్స్ 1×15 క్యాబ్ పెట్టారనుకోండి, రెండూ 8 ఓమ్స్. "మొత్తం 1,100 వాట్స్ తట్టుకుంటుంది" అంటారు. తట్టుకోదు. చెరిసగం పంచుకుంటాయి కాబట్టి చిన్నదాని హద్దు 300, పెద్దదానికీ అప్పుడు 300, మొత్తం 600 మాత్రమే. పైగా నాలుగు స్పీకర్లు పంచుకునే భారాన్ని ఇక్కడ ఒక్క పదిహేను అంగుళాలది మోస్తుంది. బలమంతా 4×10 దగ్గర మిగిలి ఉండగానే కింది పెట్టె బర్రుమంటుంది. ఓమ్స్ వేరైతే ఇంకా తేడా: 2.67 ఒప్పుకునే హెడ్‌తో 8, 4 కలిపితే, 4 ఓమ్స్ క్యాబ్ మూడింట రెండు వంతులు లాక్కుంటుంది. అందుకే ఒకే రకం క్యాబ్‌లు రెండు కొనమని నా సలహా. వేర్వేరు పెట్టెలు కలిపితే వాటి స్వరాలు ఒకదాన్నొకటి కొన్నిచోట్ల పెంచుతాయి, కొన్నిచోట్ల చెరిపేస్తాయి. వాయించి చూడకుండా ఎవరూ జోస్యం చెప్పలేరు.

క్యాబ్ వాట్స్ అంకెకు ఇంకో మెలిక ఉంది. అది ఎక్కువగా తీగ చుట్ట ఎంత వేడికి తట్టుకుంటుందో చెప్పే అంకె. మంద్ర స్వరాల దగ్గర వేడి కన్నా ముందే కోన్, అంటే స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు, తన ప్రయాణం చివరికి వచ్చేస్తుంది. నాలుగు తీగల బేస్‌లో అడుగు స్వరం దాదాపు 41 హెర్ట్జ్, ఐదు తీగలదైతే 31. యాంప్‌లో బేస్ నాబ్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాలకు నాలుగింతల వాట్స్ పోతాయి. 350 వాట్స్ క్యాబ్ 100 వాట్స్ దగ్గరే టకటక కొట్టుకోవడం అందువల్లే. ఆ శబ్దం వినిపిస్తే ముందు బేస్ నాబ్ తగ్గించండి. హెడ్‌లో హై-పాస్ ఫిల్టర్ (మరీ మంద్రమైన శబ్దాన్ని ఆపేది) ఉంటే 30, 40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పోర్ట్ రంధ్రం ఉన్న క్యాబ్‌లకు ఇది మరీ అవసరం.

5. పోలారిటీ చూద్దాం

రెండు క్యాబ్‌లు వాడితేనే ఈ మెట్టు. ఒక క్యాబ్ కోన్లు ముందుకు వస్తున్నప్పుడు రెండోదాని కోన్లు వెనక్కి పోతే బేస్ అంతా మాయమవుతుంది. రిపేరుకు ఇచ్చి తెచ్చిన పెట్టెల్లో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది, లోపల వైర్లు తారుమారై ఉంటాయి.

కేబుల్‌ను క్యాబ్‌కే గుచ్చి, పెన్సిల్ సెల్ ప్లస్‌ను జాక్ కొనకు, మైనస్‌ను ఒంటికి ఒక్క క్షణం ఆనించి తీసేయండి. కోన్లు కొద్దిగా ముందుకు కదలాలి. గ్రిల్ అడ్డముంటే టార్చి వేసి చూడండి. రెండో క్యాబ్‌కు కూడా అలాగే. రెండూ ఒకే వైపు కదిలితే చాలు.

6. కలిపే వరస

ముందు మెయిన్స్ స్విచ్ ఆపి ఉందో లేదో చూడండి. హెడ్ నుంచి మొదటి క్యాబ్‌కు స్పీకర్ కేబుల్, మొదటి క్యాబ్ నుంచి రెండోదానికి ఇంకో స్పీకర్ కేబుల్. హెడ్‌కే రెండు స్పీకర్ సాకెట్లు ఉంటే ఒక్కోదానికి ఒక్కో క్యాబ్ ఇచ్చినా లెక్క మారదు. తర్వాత బేస్ గిటార్ కేబుల్. ఆ తర్వాత గెయిన్, మాస్టర్ రెండూ సున్నాకు తిప్పి, అప్పుడు కరెంటు.

గెయిన్ మెల్లగా పెంచుతూ తీగను గట్టిగా మీటండి. క్లిప్ లైటు (సిగ్నల్ హద్దు దాటితే వెలిగేది) అప్పుడప్పుడు మినుకుమనేదాకా వెళ్లి కొద్దిగా వెనక్కి రండి. ఇక శబ్దమంతా మాస్టర్‌తోనే. ఈక్యూ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. ఆపేటప్పుడు మాస్టర్ తగ్గించి, కరెంటు తీసి, చివర కేబుళ్లు పీకండి.

7. ఎంత శబ్దం సరిపోతుంది?

ఇంట్లో ఒంటరి సాధనకు 30, 40 వాట్స్ కాంబో ఎక్కువే. అపార్ట్‌మెంట్ అయితే హెడ్‌ఫోన్స్ సాకెట్ ఉన్నదే కొనండి, గోడ అవతలివాళ్లకు చేరేది మంద్ర స్వరమే. డ్రమ్స్‌తో కలిసి వాయించాలంటే మన ఒక్క 2×10, 300 వాట్స్‌తో గట్టెక్కుతాం. ప్రోగ్రామ్‌కు రెండో 2×10 చేర్చండి.

చేరిస్తే ఏమవుతుందో చూడండి. హెడ్ వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది. రెట్టింపు శబ్దంలా వినిపించాలంటే దాదాపు పదింతల వాట్స్ కావాలి. అదే రకం క్యాబ్ ఇంకొకటి చేరిస్తే మాత్రం కోన్లు రెట్టింపవడం వల్ల 3 డెసిబెల్స్ దాకా, ఓమ్స్ తగ్గి హెడ్ ఎక్కువ ఇవ్వడం వల్ల ఇంకో రెండో మూడో వస్తాయి. డబ్బు పెద్ద హెడ్ మీద కన్నా రెండో క్యాబ్ మీద పెట్టమనేది ఇందుకే. క్యాబ్ స్పెసిఫికేషన్లలో "సెన్సిటివిటీ" అని ఒక అంకె ఉంటుంది: ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచిన డెసిబెల్స్. 97 ఉన్న క్యాబ్‌కు 400 వాట్స్, 100 ఉన్న క్యాబ్‌కు 200 వాట్స్ ఇస్తే సమానం. కంపెనీలు కొలిచే తీరు వేరువేరు గనుక ఒకే కంపెనీ క్యాబ్‌ల మధ్య పోల్చుకోవడం మంచిది.

ఇక పది అంగుళాలా, పదిహేనా? పదిహేనే లోతుగా పలుకుతుందని చాలామంది నమ్మకం. పెట్టె డిజైన్ తెలియకుండా అంగుళాలను బట్టి ఏమీ చెప్పలేం. 1969లో ఆంపెగ్ తెచ్చిన ఎస్‌వీటీ 300 వాట్స్ ట్యూబ్ హెడ్. దానికి పేరు తెచ్చిన క్యాబ్ 8×10, అంటే అన్నీ పది అంగుళాలవే. పెద్ద రాక్ స్టేజీల మీద బేస్ అంటే ఆ నిలువెత్తు పెట్టే గుర్తొస్తుంది. ఫెండర్ బాస్‌మన్ కథ ఇంకా తమాషా: 1952లో పదిహేను అంగుళాల ఒక్క స్పీకర్‌తో బేస్ కోసం పుట్టింది, తర్వాత 4×10గా మారాక దాన్ని గిటారిస్టులు ఎగరేసుకుపోయారు.

8. స్టేజి మీద నిలబెడదాం

రెండు 2×10లను పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పెట్టండి. పై స్పీకర్లు చెవి దగ్గరికి వస్తాయి, మనం వాయించేది మనకు స్పష్టంగా వినిపిస్తుంది. ఒక్క క్యాబే ఉంటే కుర్చీ మీదో గట్టి పెట్టె మీదో ఎత్తి పెట్టండి, లేదా వెనక్కి వాల్చండి. నేల మీద మన మోకాళ్లకు వాయిస్తూ "నాకు వినపడటం లేదు" అని వాల్యూమ్ పెంచడం అందరూ చేసేదే, దాంతో ముందు వరసలో కూర్చున్నవాళ్లకు తలపోటు. గది మూలలో పెడితే మంద్రం ఉబ్బుతుంది, అక్కడ బేస్ నాబ్ తగ్గించండి.

సౌండ్ వాళ్ల సిస్టమ్ ఉంటే హెడ్ వెనకున్న డీఐ అవుట్ (మిక్సర్‌కు సిగ్నల్ పంపే సాకెట్) నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ మిక్సర్‌కు ఇవ్వండి. హాలుకు వాళ్లే చూసుకుంటారు, మన క్యాబ్ మన చెవికోసమే. "ప్రీ/పోస్ట్" బటన్ ప్రీలో పెడితే మనం ఈక్యూ తిప్పినా మిక్సర్ దగ్గర వాళ్లకు మారదు. హమ్ వస్తే "గ్రౌండ్ లిఫ్ట్" నొక్కి చూడండి. మెయిన్స్ ఎర్త్ పిన్ను మాత్రం ముట్టుకోకండి.

తప్పులు

హెడ్‌కు రెండు స్పీకర్ సాకెట్లు చూసి "ఒక్కోదానికి 4 ఓమ్స్ ఇవ్వొచ్చు" అనుకోవడం. ఆ రెండూ లోపల కలిసే ఉంటాయి, మొత్తం 2 ఓమ్స్ అవుతుంది. తప్పుల్లో ఖరీదైనది ఇదే.

క్యాబ్‌కు రెండు సాకెట్లు చూసి రెండు హెడ్‌లు గుచ్చడం. రెండో సాకెట్ ఇంకో క్యాబ్‌కు తీసుకెళ్లడానికి మాత్రమే. రెండు హెడ్‌లు ఒకదానిలోకి ఒకటి కరెంటు తోసుకుంటే రెండూ పోవచ్చు.

స్పీకర్ అవుట్ నుంచి మిక్సర్‌కు లాగడం. జాక్ సరిపోతుంది, మిక్సర్ సరిపోదు. మిక్సర్‌కు డీఐ అవుటే.

గిటార్ యాంప్‌లో బేస్ గట్టిగా వాయించడం. గిటార్ అడుగు స్వరం 82 హెర్ట్జ్, బేస్‌ది అందులో సగం. మెల్లగా సాధన చేసుకోవచ్చు, డ్రమ్స్ మొదలైతే ఆ కోన్ నిలవదు.

"చిన్న హెడ్ పెద్ద క్యాబ్‌ను కాల్చేస్తుంది" అని భయపడటం. 100 వాట్స్ హెడ్ పూర్తిగా క్లిప్ అయినా సుమారు 200 వాట్స్ దాకా ఇవ్వగలదు, 350 వాట్స్ క్యాబ్‌కు దాంతో ముప్పు లేదు. లోపల ట్వీటర్ ఉంటే మాత్రం క్లిప్ అయినప్పుడు దానికి దెబ్బ తగులుతుంది, వెనకున్న ట్వీటర్ నాబ్ తగ్గించి ఉంచండి.

కాంబోకు అదనపు క్యాబ్ కలిపేటప్పుడు లోపలి స్పీకర్‌ను మరిచిపోవడం. లోపల 8 ఓమ్స్ ఉంటే బయట 8 కలిపితేనే మొత్తం 4. లోపలే 4 ఉంటే, కంపెనీ ఒప్పుకుంటున్నట్టు వెనక రాసి ఉంటే తప్ప ఆ సాకెట్ జోలికి వెళ్లకండి.